పసుపు ఊళ్లో పాత ఆర్‌ఎస్

బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. హమ్మయ్య అనుకున్నా.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉందంటే సగం అనుమానపడాల్సిందే. రాత్రంతా ఆగిన ఇంజిన్ పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు దాచుకున్న జబ్బులన్నీ బయటపడతాయి. నీలం పొగ, చైన్ గలగల, ఐడిలింగ్‌లో వణుకు. అందుకే రాత్రే ఆర్మూర్ చేరుకుని, పొద్దున ఏడున్నరకే సేటు ఇంటి వెనక రేకుల షెడ్డు ముందు నిలబడ్డాను. పక్కన మా మేనమామ. ఆయనది ఆంకాపూర్, పసుపు రైతు. కారు గురించి ఆయనకు తెలిసింది తక్కువ. కొనడం గురించి తెలిసింది చాలా ఎక్కువ.

షెడ్డులో ఉన్నది 2005 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. ఏపీ 25 నంబర్, అంటే మొదట్నుంచీ నిజామాబాద్ జిల్లా బండే. మీటర్ రీడింగ్ 1,84,000 పైచిలుకు.

ఇప్పటి పిల్లలకు ఈ కారు పెద్దగా తెలియకపోవచ్చు. 2004లో మన దేశంలోకి వచ్చినప్పుడు మాత్రం కారు పిచ్చోళ్లకు ఇదో కల. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, సిలిండర్‌కు ఐదు చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. చూడ్డానికి మామూలు కుటుంబం కారులా ఉంటుంది. డిక్కీ 528 లీటర్లు. స్పోర్ట్స్ కారని చెబితే మామ నమ్మలేదు. "రెండు బస్తాల పసుపు పడ్తది గదరా ఇండ్ల!" అన్నాడు.

నిజానికి నేను ఆర్మూర్ దాకా రావాల్సిన పని లేదు. నెల క్రితం హైదరాబాద్‌లోనే ఇలాంటి ఆర్‌ఎస్ ఇంకోటి చూశాను. డీఎల్ నంబర్. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు రోడ్డెక్కకూడదన్న ఆదేశాలున్నాయి కదా, అలాంటివి ఎన్‌వోసీతో దక్షిణాదికి వస్తుంటాయి. అద్దంలా మెరుస్తోంది. రీడింగ్ 62,000. దాదాపు అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్నే. ఎందుకో ఆయిల్ పోసే మూత తిప్పి చూశాను. లోపల బూట్ పాలిష్‌లా నల్లటి మడ్డి! అప్పుడు పెడల్స్ చూశాను. క్లచ్ పెడల్ రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. 62,000కే అంత అరుగుతుందా? మీటర్ వెనక్కి తిప్పారో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ, మెల్లగా జారుకున్నాను.

ఆ సంగతి ఫోన్లో చెబితే మామ నవ్వాడు. "అల్లుడా, పైన మెరుగు జూసి కొనేటోడు మా యాపారంల ఒక్క సీజన్ గూడ నిలవడడు. కొమ్ము ఇరిచి సూడాలె" అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే ఆర్మూర్‌ను మార్చిలో చూడాలి. ఊరి చుట్టూ ఎటు పోయినా పసుపే. తవ్విన దుంపల్ని బాయిలర్లలో ఉడకబెట్టి, రెండు వారాలపాటు ఎండబెట్టి, డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలి కొమ్ములు బంగారు రంగుకు వస్తాయి. ఆ డ్రమ్ముల మోత, గాల్లో మట్టి కలిసిన పసుపు వాసన... చొక్కాకు పట్టిందంటే రెండు ఉతుకులకూ వదలదు. ఇక్కడి పంటలో ఎక్కువ భాగం నిజామాబాద్ యార్డుకే పోతుంది. 2025 జనవరి 14న మొదలైన జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా నిజామాబాద్‌లోనే. దానికోసం ఇక్కడివాళ్లు ఎంత పోరాడారో చెప్పాలంటే, 2019 లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేసి బరిలో నిలిచిన 178 మంది రైతులే సాక్ష్యం.

పాలిష్ పట్టిన కొమ్ము అన్నీ ఒకేలా మెరుస్తాయి. కొనేవాడు దాన్ని చేత్తో విరుస్తాడు. బాగా ఎండినదైతే టక్కుమని గట్టి శబ్దం వస్తుంది. పచ్చి ఉంటే రాదు. అంతే పరీక్ష.

సరే, సేటు సంగతి. పాత పసుపు కమీషన్ ఏజెంట్. అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక అమ్ముతున్నాడు. నేను అడక్కముందే ఆయనే అన్నాడు: "మెల్లగ నడిపిన అని అబద్ధం జెప్ప బాబూ. మంచిగనే తోలిన. నాగ్‌పూర్, హైదరాబాద్ అన్నీ దీంట్లనే."

ఇలా చెప్పిన అమ్మకందారు నాకింతవరకు తగల్లేదు. అందరూ 'డాక్టర్ గారు వాడిన బండి' అనేవాళ్లే!

తర్వాత ఒక ఖాతా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. పసుపు లెక్కలు రాసుకునే ఎర్రట్ట పుస్తకం. ఇరవై ఏళ్ల చరిత్ర. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంతయింది. ప్రతి 7,500 కిలోమీటర్లకు సింథటిక్ ఆయిల్. క్లచ్ ఒకసారి. ఇగ్నిషన్ కాయిల్స్ రెండుసార్లు. 1,30,000 దగ్గర టర్బో కొత్తది. కొన్ని పేజీలకు బిల్లులు పిన్ను కొట్టి ఉన్నాయి. పక్కనే ఆర్సీ. పదిహేనేళ్లు నిండాక 2020లో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాడు. గడువు ఈ ఆగస్టుతో అయిపోతుంది, ఆ ఖర్చు నేను లెక్కేసుకోవాల్సిందే.

తాళం తిప్పాను. ఒక్క క్షణం గరగర, తర్వాత నిలకడ. పొగ లేదు. మూత తిప్పి చూస్తే లోపల లేత గోధుమ రంగు, మడ్డి లేదు.

పెర్కిట్ దాటి 44వ నంబర్ హైవే ఎక్కాం. మొదటి పది కిలోమీటర్లు 2,500 ఆర్‌పీఎమ్ దాటనీయలేదు సేటు. "నూనె కాగాలె ముందు" అన్నాడు. నీళ్ల ముల్లు మధ్యకొచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రజొన్న కంకులు. ట్రాక్టర్లు పోయాక రోడ్డు ఖాళీ అయింది.

మూడో గేర్, గంటకు 40. యాక్సిలరేటర్ మొత్తం తొక్కాను. ముందు ఏమీ కాలేదు. 2,000 దాటగానే సన్నని ఈల వినిపించి, సీటు వీపును ముందుకు నెట్టింది. 100 దగ్గర వదిలేశాను, ఈ హైవే మీద కార్లకు చట్టం చెప్పే గరిష్ఠం అదే. వెనక సీట్లో మామ పని వెనకద్దంలోంచి పొగ చూడ్డం. నీలమైతే ఆయిల్ కాలుతున్నట్టు, నలుపైతే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు. "ఏం లేదురా, దుమ్ము లేస్తున్నది గంతే!" అన్నాడు సీటు గట్టిగా పట్టుకుని.

అదే పని నాలుగైదుసార్లు చేశాను. నాలుగో గేర్‌లో 40 నుంచి నిండా తొక్కితే ఆర్‌పీఎమ్ ఎగిరిపోయి బండి వేగం అందుకోకపోతే క్లచ్ జారుతోందని లెక్క. జారలేదు. గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ కొంచెం వణికింది, ముందు డిస్కులు అరిగాయి. పోచంపాడ్ దారిలో స్పీడ్ బ్రేకర్ల మీద ఎడమ ముందు చక్రం దగ్గర టక్‌టక్. బుష్‌లు. ఇవన్నీ అరిగే వస్తువులే, మార్చుకోవచ్చు. నేను వెతుకుతున్నది మార్చుకోలేని వాటి కోసం.

శ్రీరాంసాగర్ కట్ట దగ్గర ఆపాం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, 42 గేట్లు. నేను ఇంజిన్ ఆపబోతే సేటు చేయి పట్టుకున్నాడు. "ఒక్క నిమిషం ఉండనియ్యి."

కారణం ఉంది. టర్బోని తిప్పేది సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని బేరింగును కాపాడేది పారుతున్న ఆయిల్. గట్టిగా తోలి వెంటనే తాళం తీసేస్తే ఆయిల్ పారడం ఆగుతుంది, వేడి ఆగదు. ఉన్న ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. నిమిషం ఓపిక లేక టర్బోలు పోగొట్టుకున్నవాళ్లు ఎంతోమంది. సేటు మొదటి టర్బో కూడా అలాగే పోయిందట, నేర్చుకున్నాడు. ఇదే కుటుంబం ఇంజిన్ నిలువుగా బిగించిన పస్సాట్, ఆడి ఏ4 కార్లలో మడ్డి పేరుకుంటోందని అమెరికాలో కోర్టు కేసే నడిచింది. హైవే మీద గట్టిగా తోలి టైమ్‌కి ఆయిల్ మార్చిన ఇంజిన్‌కి, సిటీ ట్రాఫిక్‌లో రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆయిల్ మర్చిపోయిన ఇంజిన్‌కి పోలికే లేదు. హైదరాబాద్‌లో నేను చూసింది రెండోది.

అప్పటికే కొనాలని లోపల నిర్ణయం అయిపోయింది. చివరిసారి ఖాతా పుస్తకం వెనక నుంచి ముందుకు తిరగేశాను. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ మార్చిన తేదీ: 2017, 1,41,000 దగ్గర.

ఎనిమిదేళ్లు!

కిలోమీటర్ల లెక్కన ఇంకా 43,000 మాత్రమే. కానీ రబ్బరుకు వయసూ లెక్కే. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి. 20 వాల్వులు. నిమిషంలో మూడు లక్షల కారు తుక్కు లెక్కకొస్తుంది. ఇప్పుడే దాన్ని నిండా తొక్కుతూ వచ్చానని గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. ముందు పుస్తకం చదవాలి, తర్వాత తొక్కాలి. తప్పు నాదే.

సేటు ముఖం చిన్నబోయింది. కరోనా టైమ్‌లో మరిచిపోయానన్నాడు. తిరుగు ప్రయాణంలో ఎవరం మాట్లాడలేదు. అరవై దాటలేదు బండి. మామిడిపల్లి చౌరస్తా దాటాక మామే నోరు విప్పాడు. "సేటూ, నాలుగంటివి. బెల్టు, బుష్షులు, బ్రేకులు మా పిలగాడే జేయించుకుంటడు. మూడు లక్షల నలభై."

పసుపు బేరంలా ఇద్దరూ కాసేపు మౌనంగా కూర్చున్నారు. సేటు తల ఊపాడు.

మధ్యాహ్నం ఆంకాపూర్‌లో నాటుకోడి కూరతో అన్నం తింటుండగా ఫోన్లో ఫ్లాట్‌బెడ్ లారీ బుక్ చేశాను. హైదరాబాద్‌కు 180 కిలోమీటర్లు, 11,000 రూపాయలు. మామ ముద్ద చేతిలోనే ఉంది.

"నడిచే కారును లారీ ఎక్కిస్తవా?"

"బెల్ట్ మార్చేదాకా నడపను మామా."

సాయంత్రం లారీవాడు ఆర్‌ఎస్‌ను తాళ్లతో కట్టేస్తుంటే వీధి పిల్లలంతా పోగయ్యారు. యాక్సిడెంట్ బండేమో అనుకుని డొక్కు కోసం అటూ ఇటూ వెతుకుతున్నారు. సేటు దగ్గరకొచ్చి ఎర్రట్ట పుస్తకం నా చేతికిచ్చాడు. మామ డిక్కీ తెరిపించి, పది కిలోల పసుపు సంచి లోపల పెట్టి, "అమ్మకియ్యి" అన్నాడు.