బీరువాలో స్విచ్

పాత విద్యార్థులు పోగుచేసిన డబ్బుతో మా హాస్టల్ కంప్యూటర్లకు నెట్‌వర్క్ వేసుకున్నాం. ఖరీదైన స్విచ్ ఒక్కటే కొందామన్నారు కొందరు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండించే బోధన్ వైపు పిల్లలం మేం. పిల్లకాలువ తెగితే ఆ పొలమే ఎండుతుంది, పెద్దకాలువ తెగితే అందరివీ ఎండుతాయి. మాకు స్విచ్ పెద్దకాలువ. అందుకే చవకవి రెండు కొని, ఒకటి బీరువాలో దాచాం. గదికొక కేబుల్ లాగాం. 100 మీటర్లు దాటితే ఆ కేబుల్‌ను నమ్మలేం గనుక చివరి గదిని వదిలేశాం. ఆ గది తమ్ముళ్లు ఇంకా అలిగే ఉన్నారు.

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజు. సాయంత్రం ఉరుముల వానలో కరెంటు పోయి వచ్చేసరికి స్విచ్ కాలిపోయింది. నలుగురి ఫారాలు మిగిలాయి. బీరువా తాళంచెవి వార్డెన్ సార్ దగ్గర, సార్ నిజామాబాద్ మీటింగులో! ఫోన్ చేస్తే "పగలగొట్టండ్రా" అన్నారు. రాత్రి 11 గంటలకు నాలుగో ఫారం వెళ్లింది.

ఇప్పుడు తాళంచెవులు రెండు. ఒకటి వంటమనిషి అక్క దగ్గర ఉంటుంది.