ఏ నవల చదువమంటారు, సార్?

శనివారము మా పాఠశాల ఒంటిపూట. ఆ పూట కడపటి గంట గ్రంథాలయమునకు కేటాయింపబడినది. గ్రంథాలయమనగా ఏదో పెద్ద భవనమని చదువరులు భావింపరాదు. ఉపాధ్యాయుల గదిలో ఒక మూలను రెండు ఇనుప బీరువాలు, వాని ముందొక బల్ల, బల్లపై ఒక రిజిస్టరు. ఇంతియే. ఒక బీరువాలో కన్నడ పుస్తకములు, రెండవదానిలో తెలుగు పుస్తకములు. ఈ రెండవదాని తాళపుచెవి మేము ఈ పాఠశాలకు వచ్చిన నాటినుండియు మా జేబులోనే ఉన్నది. గంట మ్రోగిన వెంటనే ఎవరో ఒకరు బల్ల దగ్గరకు వచ్చి, "ఏ నవల చదువమంటారు, సార్?" అని అడుగుదురు. ఈ ప్రశ్నకు మేము చాలకాలము తప్పు సమాధానములే చెప్పితిమి. పరీక్షలో మీ తప్పులు మేము దిద్దుచున్నాము గదా. ఒక్కసారి మా తప్పులు మీ ముందుంచుట న్యాయమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన చిక్కబళ్ళాపురము 2007వ సంవత్సరమున కోలారు జిల్లానుండి వేరుపడి ప్రత్యేక జిల్లా అయినది. జిల్లా మారినను ఊళ్ళలో మాట మారలేదు. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఎన్నో పల్లెలయందు ఇంటిలో తెలుగు, బస్సు పలకమీద కన్నడము, సంతలో రెండును. కైవారపు తాతయ్యగారు తత్త్వములు పాడినది కూడ ఈ రెండు భాషలలోనే. అయితే మన పిల్లలలో అధికసంఖ్యాకులు పదవ తరగతి దాటిన పిదప కన్నడములోనో ఇంగ్లీషులోనో పై చదువులు చదువుదురు. అనగా ఒక బిడ్డ చేతిలో తెలుగు నవల పెట్టుటకు మాకున్న గడువు మూడేండ్లు. ఆ మూడేండ్లలోను శనివారములు మాత్రమే. అందులోను వానలు, జాతరలు, పరీక్షలు పోగా మిగిలినవి. ఒక శనివారము తప్పు పుస్తకమిచ్చితిమా, ఆ బిడ్డ మరల బీరువా వైపు చూడకపోవచ్చును.

మేము పుట్టినది చింతామణి తాలూకాలోనే అయినను ఉపాధ్యాయ శిక్షణ పొందినది తిరుపతిలో. అచ్చట కోస్తా జిల్లాలనుండి వచ్చిన సహపాఠులు మా యాస విని నవ్వెడివారు. మేమును వారితో కలిసి నవ్వి, ఒక్క ఏడాదిలో ఆ యాసను కడిగి పారవేసికొంటిమి. తిరిగి వచ్చునప్పుడు ఒక ట్రంకుపెట్టె నిండ పుస్తకములు తెచ్చితిమి. ఆ పుస్తకములపైనున్న భక్తితో, అడిగినవారికెల్ల మొట్టమొదట కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును ఇచ్చెడివారము. 1878లో వెలువడినది, తెలుగు నవలలలో తొలివరుసలోనిది, కావున చదువుట కూడ అక్కడినుండియే ఆరంభింపవలెనని మా తర్కము. పుస్తకము వారమునకు తిరిగి వచ్చెడిది. గుర్తుగా పెట్టిన నెమలి ఈక ధవళేశ్వర వర్ణనము దాటి కదలలేదు. చరిత్రలో మొదటిది చదువరికి కూడ మొదటిది కావలెనను నియమము లేదని గ్రహించుటకు మాకు మూడేండ్లు పట్టినది. అంతలో ఒక తరగతి మొత్తము వెళ్ళిపోయెను.

ఆ తరువాతి ఏడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు వచ్చి, "చిన్నది ఇయ్యండి సార్, మా ఇంట్లో పురుగు మేపుతా ఉండాము" అనెను. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టునకు పోవు ఇండ్లవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నాలుగవ జ్వరము లేచిన పట్టుపురుగులకు రాత్రియనక పగలనక మల్బరీ ఆకు వేయుచుండవలెను; ఇల్లు మొత్తము ఆకు కోయుట, తట్టలు దులుపుట, ఇదే పని. వానికి ఒక మేతకును ఇంకొక మేతకును నడుమ దొరకు వ్యవధిలో చదువదగినది కావలెను. మేము ఆలోచించి దాసరి సుబ్రహ్మణ్యము గారి తోకచుక్కను ఇచ్చితిమి. 1954లో చందమామ మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన నవల అది. నెలకొక భాగము, ప్రతి భాగము చివరను ఎవరో ఒకరు ప్రమాదములో చిక్కుకొందురు. పిల్లవాడు ఒక్కొక్క మేతకు ఒక్కొక్క భాగము చొప్పున చదివి, పురుగులు గూడు కట్టక మునుపే పుస్తకము ముగించి, "ఈయన రాసినవి ఇంకా ఉండాయా?" అని వచ్చెను. ఉన్నవి, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము. ఈయన పేరు ఆ నవలలు వచ్చిన కాలమున పత్రికలో అచ్చుపడనే లేదు. పత్రిక అచ్చు నిలిచిపోయి పదేండ్లు దాటినది గాని నవలలు పుస్తకరూపమున దొరకుచున్నవి. మాంత్రికుల కథలు పిల్లలను చెడగొట్టునని కొందరు తోటి ఉపాధ్యాయులు మాతో వాదించిరి. ఆ బాలుడు ఆ సంవత్సరమున పదునొకండు పుస్తకములు చదివినాడని రిజిస్టరు తెరిచి చూపితిమి. వాదము ముగియలేదు, కాని మేము గెలిచితిమనియే మా యభిప్రాయము.

నవ్వించు పుస్తకము కావలెనని అడుగువారికి మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టర్ పార్వతీశము మించినది లేదు. మొగలితుర్రు కుర్రవాడు బారిస్టరగుటకై సీమకు బయలుదేరి, చెన్నపట్నమున తెలియక దొరసానుల టోపీ కొని, దానితోనే ఊరేగును. సుమారు నూరేండ్ల నాటి హాస్యము మన పిల్లలకేమి తెలియునని మొదట సందేహించితిమి. కాని మెజెస్టిక్ బస్సు నిలయములో మొదటిసారి దిగి, బెంగుళూరులో ఏ బస్సు ఎటు పోవునో అడుగుటకు సిగ్గుపడి రెండు గంటలు నిలువబడినవాడు మన తరగతిలో ఎవడు లేడు? వారు పార్వతీశమును చూచి నవ్వలేదు, పార్వతీశముతో కలిసి నవ్విరి. ఇందులో మొదటి భాగము చాలును. మిగిలిన రెండు భాగములు తరువాత చదివికొనవచ్చును.

ఇప్పుడు అసలు తప్పు చెప్పవలయును.

పుస్తకము చదివినవారు దానిపై పది పంక్తులు వ్రాసి చూపవలెనని మేమొక నియమము పెట్టియుంటిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె చిలకమర్తివారి గణపతి చదివి ఇట్లు వ్రాసెను: "గణపతి శానా అల్లరోడు. చదువుతా ఉంటే నవ్వొస్తాది. మళ్ళ బాద కూడా ఐతాది." తెలుగు హాస్య నవలను గూర్చి ఇంతకంటె సరియైన విమర్శ మూడు వాక్యములలో మేమెన్నడును చదివియుండలేదు. అయితే ఆనాడు మాకు విమర్శ కనబడలేదు. శానా, వస్తాది, ఐతాది అను మాటలు మాత్రమే కనబడెను. ఎర్రసిరాతో వానినన్నిటిని చుట్టి, ప్రక్కను "గ్రామ్యము" అని వ్రాసి ఇచ్చితిమి. ఆమె పుస్తకము తీసికొని మారుమాటాడక వెళ్ళిపోయెను. ఆ ఏడు మరి బీరువా దగ్గరకు రాలేదు. వచ్చినదా రాలేదా అని మేము గమనింపను కూడ లేదు. తరువాత రిజిస్టరు తిరుగవేసినప్పుడు తెలిసినది.

ఆ వేసవిలో మదనపల్లెనుండి చింతామణికి బస్సులో వచ్చుచుండగా, మిత్రుడొకరు ఇచ్చిన నామిని సుబ్రహ్మణ్యము నాయుడుగారి పచ్చనాకు సాక్షిగా తెరిచితిమి. చిత్తూరు జిల్లా పల్లెమాటలో, తన ఇంటి కథలను తన ఇంటి భాషలో వ్రాసినారాయన. నవల యని అనుటకు వీలులేదు, అయినను నవల చదివిన నిండుదనము కలదు. పది పుటలు చదువునప్పటికి మా అవ్వ వచ్చి ప్రక్క సీటులో కూర్చున్నట్లు తోచెను. తిరుపతిలో మేము కడిగి పారవేసిన మాటలన్నియు అచ్చులో వరుసగా నిలిచియున్నవి. పెద్దగా నవ్వితిమి, కండక్టరు వెనుకకు తిరిగి చూచెను. కొంత దూరము పోయిన పిదప కిటికీ వైపు ముఖము త్రిప్పుకొంటిమి.

బడి తెరిచిన మొదటి శనివారము ఆ బాలికను పిలిచి, ఏమియు చెప్పక, ఆ పుస్తకము చేతికిచ్చితిమి. సోమవారమునాడే తిరిగి వచ్చెను. పుస్తకమును రొమ్మునకు హత్తుకొని నిలువబడి, తల యెత్తక, "సార్, ఈయప్పకు ఎవురూ ఎర్రసిరా పెట్టలేదా?" అని అడిగెను.

మాకు సమాధానము తోపలేదు. "పెట్టలేదమ్మా, పెట్టకూడదు" అని మాత్రము అంటిమి. నాటినుండి గ్రంథాలయపు నోటుపుస్తకములలో మేము ఎర్రసిరా వాడుట మానితిమి. పరీక్షాపత్రములలో తప్పదు, ఆ రెండింటికి గల భేదము పిల్లలే మాకంటె వేగముగా గ్రహించిరి. ఈ వ్యాసమును మాత్రము మేము గ్రాంథికముననే వ్రాయుచున్నామని మీరు నవ్వవచ్చును. చేతికి పడిన అలవాటు, ఏమి చేయుదుము? ఆ పుస్తకమును ఆమె ఇంటిలో తన అవ్వకు గట్టిగా చదివి వినిపించెనట. అక్షరము రాని ఆ ముసలమ్మ విని, "దీంట్లో ఏముండాది, ఇట్లాటివి నేను వంద చెప్తాను" అనెనట.

ఆ అనుభవము తరువాతనే మేము డాక్టరు కేశవరెడ్డిగారి అతడు అడవిని జయించాడును పిల్లలకిచ్చు ధైర్యము చేసితిమి. ఆయన చిత్తూరు జిల్లావారు, వృత్తిచే కుష్ఠువ్యాధి వైద్యులు, 2015లో గతించిరి. ఒక ముసలి పందుల కాపరి, ఈనుటకు అడవిలోనికి పోయిన పందిని వెదకుచు చీకటిలో బయలుదేరుట కథ. ముసలివానికి పేరు కూడ లేదు. చిన్న పుస్తకము, ఒక రాత్రిలో చదివి ముగింపవచ్చును, అయినను తేలికది కాదు. గొర్రెలు కాయు ఇంటినుండి వచ్చిన పదవ తరగతి బాలుడు దానిని చదివి మాతో గంటసేపు మాటాడెను. ఈనిన జంతువు పెంచినవానిని కూడ నమ్మదనియు, గాలి ఏ వైపునుండి వీచుచున్నదో చూచి గాని దాని దగ్గరకు పోరాదనియు మాకు బోధించెను. తరగతిలో సంధులు చెప్పలేక నిలువబడు బాలుడు ఆ గంట మాకు గురువు. హెమింగ్వే రచించిన ముసలివాడు, సముద్రము కథను దీనితో పోల్చుదురని చెప్పగా, "ఆయప్ప కూడా గొర్రెలు కాసినాడా?" అని అడిగెను. చేపలు పట్టినాడని చెప్పితిమి. "అయితే సరే" అనెను.

ఆడపిల్లలకు వేరే, మగపిల్లలకు వేరే అని పుస్తకములను విభజించుట మాకు సమ్మతము కాదు. ఉన్నవవారి మాలపల్లి మహాగ్రంథమే, కాని పదవ తరగతి పరీక్షలు ముగిసిన సెలవులలో చదువవలసినది. ముందుగా ఇచ్చి దానిని పాడుచేయరాదు. అనువాదములను చిన్నచూపు చూడవద్దు. నండూరి రామమోహనరావుగారు తెలిగించిన టామ్ సాయర్, కాంచనద్వీపము మా బీరువాలో అట్టలు ఊడినవి, అంతకంటె యోగ్యతాపత్రము ఏమి కావలెను?

మరియొక మాట. మొదటి బీరువా మనకు పరాయిది కాదు. శివరామ కారంతుగారి మరళి మణ్ణిగె నవలను తిరుమల రామచంద్రగారు మరల సేద్యానికి అను పేర తెలుగు చేసినారు. ఆ రెండింటిని రెండు మోకాళ్ళపై పెట్టుకొని ఒక పుట ఇది, ఒక పుట అది చదువగల భాగ్యము విజయవాడ బాలునకు లేదు, ధారవాడ బాలునకు లేదు. బాగేపల్లి బాలునకు కలదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టి, చదువుకొరకు బెంగుళూరికి కాలినడకన పోయి, వెనుకకు వచ్చి బాగేపల్లిలో నేషనల్ కళాశాలను నెలకొల్పిన హెచ్. నరసింహయ్యగారి స్వీయచరిత్ర హోరాటద హాది కన్నడములోనే ఉన్నది. నవల కాకపోయినను నవలవలె చదివించును. ఆ కళాశాల ముందునుండి ప్రతిదినము నడచిపోవువారు దానినైనను చదువవలదా?

తల్లిదండ్రులలో కొందరు, "నవల చదివితే మార్కులు వస్తాయా?" అని అడుగుచున్నారు. రావు. ఆ మాటే వారితో చెప్పుచున్నాము.

ఎర్రసిరా బాలిక ఇప్పుడు చింతామణిలో పి.యు.సి. రెండవ సంవత్సరము, ఇంగ్లీషు మాధ్యమము. పోయిన నెల ఒక శనివారము గంట కొట్టువేళకు వచ్చి బల్ల ముందు నిలువబడెను. "నాకు కాదు సార్, మా అవ్వకు. చూపు ఆనదు గదా, నేనే చదివి చెప్పల్ల. ఏదన్నా ఇయ్యండి" అనెను. పాఠశాల విడిచినవారికి పుస్తకము ఇయ్యరాదని నియమము. బీరువా తెరిచి ఏది కావలెనో ఆమెనే తీసికొమ్మంటిమి. చాలసేపు వెదకి మిట్టూరోడి కతలు తీసెను. రిజిస్టరులో మా పేరు వ్రాసికొంటిమి. గడువు దాటి పదునైదు దినములైనది, పుస్తకమింకను రాలేదు.