హయత్‌నగర్ బస్సులో

కిందటి వేసవిలో మా సంఘపు యౌవనస్థులను ఆరుగురిని వెంటబెట్టుకొని ఒక పెండ్లికి హయత్‌నగర్ వెళ్లాము. ఎల్బీనగర్‌లో విజయవాడ రోడ్డున పోయే బస్సు ఎక్కగానే మా పిల్లలు వృద్ధులకని రాసిన సీట్లలోనే కూర్చున్నారు. చంకన మూటతో ఒక అవ్వ వారి పక్కనే కమ్మీ పట్టుకొని నిలబడింది. “ఈ వయసులో ఇంటిపట్టున ఉండక ఈ తిరుగుడెందుకో!” అన్నాడొకడు. ఆమె విన్నది. మేమూ విన్నాము, గద్దించలేదు. ఆ సిగ్గు మాదే.

పెండ్లి సాయంత్రం గనుక, ఈలోగా పాత మసీదు చూడబోయాము. విశాలమైన ఆవరణ, చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదుల వరుసలు, దగ్గరలోనే ఏనుగుల బావి. అక్కడ నీడన కూర్చొని, ఈ ఊరికి ఎవరి పేరు పెట్టారని అడిగాము. ఒక్కరూ చెప్పలేదు.

హయత్ బక్షీ బేగం హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. 1626లో భర్త చనిపోయేనాటికి కొడుకు అబ్దుల్లా ఇంకా బాలుడు. రాజ్య వ్యవహారాలు ఆమే చక్కబెట్టింది. జనం మాసాహెబా అని పిలిచేవారు. మాసాబ్ ట్యాంకు పేరు అలా వచ్చినదే.

మేము చెప్పదలచినది మాత్రం 1656 నాటి మాట. ఔరంగజేబు అప్పటికింకా యువరాజు. సేనలతో వచ్చి గోల్కొండను ముట్టడించాడు. అతని డేరాకు సంధి మాట్లాడబోయినది సేనాపతి కాదు, పెండ్లీడుకొచ్చిన మనుమరాళ్లున్న ఈ ముసలి తల్లి! ముట్టడి ఎత్తివేయడానికి ఢిల్లీ నుండి షాజహాను పంపిన ఉత్తరువు కూడా కారణమే, అది దాచకూడదు. పరిహారపు సొమ్ము కట్టవలసి వచ్చింది, ఒక మనుమరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెండ్లి చేయవలసీ వచ్చింది. అయినా కోట నిలిచింది.

“అంత వయసులో శత్రువు దగ్గరికి ఆమెనెట్లా పంపారు?” అన్నాడు బస్సులో మాట తూలినవాడే.

“మరి ఎవరి మాట వింటాడని పంపాలి?” అన్నాము.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో మా పక్కకు వచ్చి, “మా నాయనమ్మ పేరేమిటి?” అని మెల్లగా అడిగాడు. ఇరవై ఏళ్లు ఆమె చేతి అన్నం తిన్న పిల్లవాడు! కోప్పడబోయి ఆగిపోయాము. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తుంది. మాకూ పేరు తెలియదు.

“ఇంటికి పోగానే ఆమెనే అడుగుతాను” అన్నాడు.