చలి ఊరి ఆకుకు ‘తోడు’ ఎక్కువ!

చలికాలం వచ్చిందంటే పెరుగుతో పేచీ మొదలవుతుంది. ఎండాకాలంలో గోరువెచ్చటి పాలలో చుక్క మజ్జిగ వేస్తే చాలు, మధ్యాహ్నానికల్లా గడ్డ పెరుగు! అదే జనవరిలో అయితే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. అందుకే చలికాలంలో అమ్మమ్మలు తోడు కాస్త ఎక్కువ వేస్తారు. చెట్లూ ఇంచుమించు ఇదే పని చేస్తాయంటే నమ్మగలరా?

ఆకంటే చెట్టుకు వంటగది. ఎండే పొయ్యి. గాలీ నీళ్లూ సరుకులు. వండేది మాత్రం ఎంజైములు. అవి మాంసకృత్తులు కాబట్టి వాటి తయారీకి నత్రజని ఉండాలి. ఆ తయారీని నడిపించే ఆర్‌ఎన్‌ఏకి భాస్వరం కావాలి. చలి ముదిరితే ఎంజైములు మందకొడిగా పనిచేస్తాయి. ఉన్న పనివాళ్లు నెమ్మదిస్తే మరో నలుగురిని పెట్టుకోక తప్పదు కదా... చలి ప్రాంతపు మొక్కలూ అంతే. ఆకులో ఎంజైములు పెంచుకుంటాయి. వాటితోపాటే నత్రజనీ, భాస్వరమూ పెరుగుతాయి.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ రైక్, పోలండ్ శాస్త్రవేత్త యాసెక్ ఒలెక్సిన్ కలిసి 2004లో ఓ పెద్ద లెక్క తేల్చారు. ప్రపంచంలో 452 చోట్ల పెరిగే 1,280 జాతుల మొక్కల ఆకుల వివరాలు... మొత్తం 5,087 కొలతలు పోగేశారు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ, అంటే వేడి పెరిగేకొద్దీ ఆకులో నత్రజనీ, భాస్వరమూ తగ్గుతున్నట్లు తేలింది. రెండింట్లో భాస్వరమే ఎక్కువ తగ్గుతుంది.

దీనికి మట్టి వయసు కూడా ఓ కారణమంటారు వాళ్లు. భాస్వరం పుట్టిల్లు రాయి. ఉత్తరాది దేశాల్లో హిమానీనదాలు రాళ్లను నూరి కొత్త మట్టి పరిచాయి. ఉష్ణమండలంలో చాలాచోట్ల మట్టి మహా పాతది, లక్షల ఏళ్ల వానలకు సారం కడుక్కుపోయింది. అమెజాన్ అడవినే చూడండి. వానలకు కొట్టుకుపోయే భాస్వరానికి బదులు అట్లాంటిక్ దాటి సహారా ఎడారి దుమ్ము వస్తోంది. ఆ దుమ్ములో ఏటా సుమారు 22 వేల టన్నుల భాస్వరం ఉంటుందని 2015లో లెక్కగట్టారు. ఎడారి అడవికి ఎరువు వేయడమంటే ఇదే!

అలాగని చలి ఎంత ముదిరితే అంత మంచిదనుకోకూడదు. మరీ గడ్డకట్టే ధ్రువప్రాంతాల్లో రాలిన ఆకు త్వరగా కుళ్లదు, వేళ్లకు నత్రజని అందదు. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఇంకో సంగతి... ఇదంతా చూసి మన తోటకూరను చిన్నచూపు చూడొద్దు. అది ఎరువు వేసిన మడిలో పెరిగేది. ఈ లెక్కలు అడవుల మొక్కలవి.

మరి భూమి వేడెక్కుతోందిగా, చెట్లు సర్దుకుపోవా అనిపించొచ్చు. ఇక్కడే ఉంది చిక్కు. వేర్వేరు ఎత్తుల కొండలపై పెరిగే స్ప్రూస్ చెట్ల విత్తనాలు తెచ్చి ఒలెక్సిన్ బృందం పోలండ్‌లో ఒకేచోట పెంచింది. మట్టి ఒకటే, వాతావరణమూ ఒకటే. అయినా ఎత్తయిన చలికొండల విత్తనాల నుంచి వచ్చిన మొక్కల ఆకుల్లో నత్రజని ఎక్కువే ఉంది. ఎదుగుదల మాత్రం తక్కువ. ఊరు మారినా తాతల అలవాటు పోలేదన్నమాట. 1998లో ఈ సంగతి ప్రచురించారు.

స్ప్రూస్ రెండు మూడు వందల ఏళ్లు బతుకుతుంది. అది మొలకెత్తిన నాటి చలి దాని ముసలితనానికి ఉండకపోవచ్చు. పోనీ ఆకులో నత్రజని తగ్గించుకుందనుకున్నా ఇబ్బంది గొంగళిపురుగుకే. బలం తక్కువ ఆకు దొరికితే అది ఇంకా ఎక్కువ ఆకు తింటుంది.