వాడ పచ్చదనం: ఖర్చు ఎవరిది, కాపు ఎవరిది

వీధి చెట్లు, చిన్న పార్కు, అపార్టుమెంటు ఆవరణలోని మొక్కలు ఏ ఒక్క ఇంటివీ కావు, వాడ మొత్తానివి. వీటికి రెండు రకాల ఖర్చులుంటాయి. నాటే ఖర్చు ఒక్కసారితో తీరుతుంది, దానికి దాతలూ సులువుగా దొరుకుతారు. పెంచే ఖర్చు మాత్రం నెలనెలా వస్తుంది. నీళ్లు, తోటమాలి జీతం, ఎరువు, కంచె మరమ్మతు, కొమ్మల కత్తిరింపు, ఎండిన చోట మారుమొక్క, అన్నీ అందులోవే. ఉమ్మడి పచ్చదనం ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండో ఖర్చుకు ముందే దారి చూపకపోవడం వల్ల.

ఆ దారులు ప్రధానంగా రెండు. మొదటిది నివాసుల చందా. లండన్‌లోని కెన్సింగ్టన్‌లో ఇళ్ల మధ్య తోటలకు 1851 నాటి చట్టమే కమిటీలను ఏర్పరచి, చుట్టూ ఉన్న ఇళ్ల నుంచి తోట పన్ను వసూలు చేసే వీలు కల్పించింది. మన కాలనీ సంఘాలు వసూలు చేసే మెయింటెనెన్సులోనూ తోటపనికి వాటా ఉంటుంది. దాన్ని విడిగా లెక్కరాసి చూపిస్తే లిఫ్టు మరమ్మతు వచ్చినప్పుడు మొక్కల నీళ్లు ఆగవు.

రెండోది ప్రజాధనం. తెలంగాణ 2019 పురపాలక చట్టం పట్టణ బడ్జెట్లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలంది, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలనీ నిర్దేశించింది. ఎన్ని నాటారన్నది కాక ఎన్ని బతికాయన్నది కొలమానం కావడమే ఇందులో మేలు.

చందా మీద నడిచే పద్ధతి ఆదాయం నిలకడగా ఉన్న కాలనీలకు సరిపోతుంది. హౌరాలోని టికియాపారా వాడ అలాంటి చోటు కాదు. విశాఖ వైపు నుంచి వెళ్లే రైళ్లు హౌరా చేరే ముందు దాటే చివరి స్టేషన్ ఇదే. లోకల్ రైళ్ల షెడ్డు, లేతు వర్క్‌షాపులు, కిక్కిరిసిన ఇళ్లు ఇక్కడి రూపం. నేల పల్లం, గట్టి వాన పడితే రైలు పట్టాలూ మునుగుతాయి. రోజుకూలీ మీద బతికే ఇంటిని తోట చందా అడగడం న్యాయం కాదు. నీడ అవసరం మాత్రం ఇలాంటి చోటే ఎక్కువ. కాబట్టి ఇక్కడ ఖర్చు కార్పొరేషన్, రైల్వే తమ తమ స్థలాల్లో భరించాలి. ఏ చెట్టుకు ఎప్పుడు పాదు చేయాలి, ఏ కొమ్మ తీగలకు తగులుతోంది అన్నది చెప్పే హక్కు వాడవాళ్లకు ఉండాలి.

పార్కు నేల ఎవరికోసమన్న ప్రశ్నను ఈ ప్రాంతం బాధతో ఎదుర్కొంది. యూదు దంపతుల పేరు నిలిచిన బెలిలియస్ పార్కులో తరాలుగా ఉంటున్న వేలమందిని, ముఖ్యంగా దళిత పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలను, 2003 ఫిబ్రవరిలో కోర్టు ఉత్తర్వు మేరకు ఖాళీ చేయించారు. పార్కు స్థలాన్ని కాపాడాల్సిందే. 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు పార్కుకు వదిలిన నేలను నర్సింగ్ హోముకు ఇవ్వరాదని తేల్చింది. అయితే ఊరిని శుభ్రం చేసేవారికి ముందుగా గూడు చూపకుండా సాధించిన పచ్చదనం ఉమ్మడిది అనిపించుకోదు.

నిలకడైన పోషణ ఏం చేయగలదో ఇదే హౌరాలోని శిబ్‌పూర్ వృక్షోద్యానం చూపుతుంది. 1787లో మొదలైన ఈ తోటను, సామర్లకోటలో మొక్కలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్ 1793 నుంచి నడిపాడు. 2020 మే 20న అంఫన్ తుపాను అక్కడి మహావటవృక్షాన్నీ దెబ్బతీసింది. అయినా జీతం తీసుకునే సిబ్బంది ఉన్నందువల్ల ఆ తోటకు చికిత్స అందింది. వీధి చెట్టుకు అలాంటి రక్షణ లేదు, పడితే కోసి తీసుకుపోవడమే.

కనుక మొక్క నాటే ముందే నాలుగు సంగతులు రాతలో ఉండాలి: నేల ఎవరిది, మొదటి మూడు వేసవులు నీళ్లు ఎవరు పోస్తారు, వారి జీతం ఏ పద్దులోంచి వస్తుంది, చెట్టు కూలితే మారుమొక్కకు డబ్బు ఎక్కడుంది. వీటికి జవాబున్న వాడలో తక్కువ మొక్కలు నాటినా నీడ నిలుస్తుంది.