నల్లపొగ చెప్పే సంగతి

వైద్యునికి నాడి ఎలాగో, మెకానిక్కుకు పొగ అలాగ. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందని అనుమానించాలి. నల్లపొగ వస్తే డీజిలుకు తగినంత గాలి అందడం లేదన్నమాట.

1 కిలో డీజిలు పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. బయటికి పోయే పొగ వేగంతోనే చక్రం తిప్పి, ఆ గాలిని ఇంజనులోకి నెట్టేదే టర్బో. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి దీనికి పేటెంటు పొందాడు.

హనుమంతునిపాడులో మా నాయన కొన్న పాత టర్బో జీపు, కందిబస్తాలు వేసుకుని కనిగిరి పోతుంటే మిట్ట ఎక్కలేక నల్లపొగ కక్కేది. "టర్బో పోయింది, 30,000 అవుతుంది" అన్నాడొక మెకానిక్కు. ఆ ఏటి కంది డబ్బంతా దానికే సరి!

"ఉండు నాయనా, ముందు గాలి పోయే దారి చూద్దాం" అన్నాను.

ఫిల్టరు శుభ్రంగానే ఉంది. ఇంజను చల్లారాక టర్బో చక్రాన్ని వేలితో తిప్పితే నున్నగా తిరిగింది. అక్కణ్ణించి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం తడిమితే, అడుగున చీలిక! ఊరికే నిలబెడితే అది మూసుకునే ఉంటుంది. బరువు లాగేటప్పుడు గాలి ఒత్తిడికి నోరు తెరుస్తుంది. అందుకే ఖాళీ బండికి జబ్బు కనబడలేదు.

కొత్త గొట్టానికి, క్లిప్పులకు 600 రూపాయలైంది. జీపు మిట్ట ఎక్కింది.

మిత్రులారా, భౌతికశాస్త్రం మార్కులకే కాదు. ఖరీదైన సామాను విప్పేముందు చవకైనది పరీక్షించమనే వివేకం కూడా అదే నేర్పుతుంది.