పిల్లల దగ్గుకు ప్రోబయోటిక్ పొట్లాలు: అక్క అడిగిన ప్రశ్న

పోస్టు కొంచెం పొడుగే, చిన్నపిల్లలున్న ఇంటోళ్లు ఓపిగ్గా చదవండి.

ప్రోబయోటిక్ అనే మాట ఇప్పుడు తండాల దాకా వచ్చింది. వరంగల్‌లో ఒక మెడికల్ షాపాయన మా అక్కకు పది పొట్లాలు అంటగట్టిండు. రెండేండ్ల పిల్లగానికి రోజూ ఒకటి తాపితే సర్ది, నిమ్ము దగ్గరికి రావట. పత్తి ఏరిన కూలి దానికే పోయింది. "తమ్మీ, ఇది నిజమేనా?" అని అక్క అడిగింది.

ఉత్త అబద్ధమని కొట్టిపారేయలేం. మన పక్క ఒడిశాలోనే పెద్ద పరిశోధన జరిగింది. పినాకి పాణిగ్రాహి అనే డాక్టర్ బృందం 149 ఊర్లలో 4,556 మంది పసిపిల్లలను తీసుకున్నది. సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను, దానికి మేతగా ఒక రకం చక్కెరను కలిపి ఏడు రోజులు తాపిండ్రు. మిగతా సగానికి మందు లేని పొడి. 60 రోజులు గమనిస్తే, ఉత్త పొడి తాగినోళ్లలో 9 శాతం మందికి ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్ వచ్చింది లేదా ప్రాణం పోయింది. మందు తాగినోళ్లలో అది 5.4 శాతమే. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా సుమారు మూడోవంతు తగ్గినయి. 2017లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. కడుపులోకి పోయిన మందు ఊపిరితిత్తులకెట్ల పనిచేస్తదంటే, రోగంతో కొట్లాడే కణాలు చాలామటుకు పేగుల చుట్టే ఉంటయి.

అయితే షాపాయన చెప్పని సంగతి ఒకటుంది. వాళ్లంతా పుట్టిన మొదటి వారంలో ఉన్న పిల్లలు, రెండు కిలోలకు తక్కువ లేనోళ్లు, తల్లిపాలు తాగుతున్నోళ్లు. ఇచ్చింది కూడా ఒక ప్రత్యేకమైన రకం. అక్క కొన్న పొట్లం మీద పేరే వేరు. రెండూ మేకలే కదా అని పోతు దగ్గర చెంబు పట్టుకొని కూసోలేం. పెద్ద పిల్లల్లో సర్ది కొంచెం తగ్గుతుందని కొన్ని అధ్యయనాలున్నయి గానీ, ఆ సాక్ష్యం అంత గట్టిది కాదు. నెలలు నిండకుండా పుట్టినోళ్లకు, బాగా నీరసించినోళ్లకు డాక్టర్ చెప్పకుండా అసలే ఇవ్వొద్దు.

ఇంట్లో పెరుగుంది, అంబలుంది, పెట్టండి, మంచి తిండే. కానీ అంబలితో నిమ్ము రాదని గొప్పలు చెప్పే పోస్టులు నాకు నచ్చవు. ముర్రుపాల సంగతి మాత్రం గట్టిగ చెప్తా. తల్లిపాలలో పసిపిల్లకు అరగని చక్కెరలు ఉంటయి, అవి పేగులోని మంచి బాక్టీరియాకు మేత. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే ముసలవ్వలు ఇంకా ఉన్నరు. వాళ్లతో కొట్లాడాల్సింది మనమే.

నిమ్ముకు టీకా ఉంది, పీసీవీ అంటరు. 2021 నుంచి దేశమంతా సర్కారు ఉచితంగా వేస్తుంది: ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. అక్కను కార్డు తీసి చూడమన్న. తొమ్మిదో నెల గడి ఖాళీగా ఉంది. పత్తి పనిలో ఆ రోజు పోలేకపోయిందట. పొట్లాల ముచ్చట పక్కనబెట్టి ముందు ఏఎన్ఎం మేడమ్‌ను అడుగుమన్న.

ఇంకొకటి నేర్పిన. పిల్లగాడు ఏడ్వకుండా ఉన్నప్పుడు అంగీ లేపి, ఫోన్‌లో ఒక నిమిషం పెట్టి ఊపిరి లెక్కబెట్టాలె. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేండ్ల లోపు 40 వచ్చినా, దాటినా, లేదా డొక్కలు ఎగరేస్తున్నా అది ఉత్త సర్ది కాదు. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలె.